నక్షత్రముల పరిమాణము, నక్షత్రదోషము

ఆర్మూరు ప్రాంతమున పసుపు బేరము తెలిసిన పెద్దమనిషి యెవ్వడును కొమ్మును విరిచి చూడక, కాటాకు ఎక్కింపక ధర పలుకడు. రంగెట్లున్నది, కొమ్మెంత గట్టిగా విరుగుచున్నది, తేమ యెంత మిగిలియున్నది అని విచారించిన పిమ్మటనే సొమ్ము చెల్లించును. ఇంత జాగరూకత గల మనుష్యుడే తన యింటి బిడ్డ జీవితమును నిర్ణయించు మాట వచ్చినప్పుడు కాటాను ఆవల నుంచి, వినికిడిగా వచ్చిన యొక్క పలుకును శిరసావహించుట నేను పలుమారులు చూచితిని. ఆ పలుకు నక్షత్రదోషము. నక్షత్రమనగా నేమి, అది యెంత పెద్దది, ఎంత దూరమున నున్నది అను సంగతులు తెలిసికొనక, దానిపై నేరము మోపుటయు, దానిపేర నొక కన్యపై నేరము మోపుటయు న్యాయము కాదు. కావున ఈ పాఠమున ఆ పలుకును కాటాకు ఎక్కింతము.

1. వ్యాజ్యము యొక్క స్వరూపము

నా కక్షిదారులలో నొక పసుపు వర్తకుడు కలడు. కొన్ని సంవత్సరముల క్రిందట ఆయన కుమార్తెకు మంచి సంబంధము కుదిరినది. తాంబూలములు పుచ్చుకొను దినము కూడ నిర్ణయమైన పిదప, పిల్ల జ్యేష్ఠా నక్షత్రమున పుట్టినదని తెలిసి వరునివారు వెనుదీసిరి. జ్యేష్ఠలో పుట్టిన కన్య భర్త యన్నకు అరిష్టమను నమ్మకము మనలో చిరకాలముగా నున్నది. తండ్రి నా యెదుట కూర్చుండి, "వకీలు సాబ్, నా బిడ్డ యెవరికేమి కీడు చేసినది?" అని కంట తడి పెట్టుకొనెను. ఆ ప్రశ్నకు నా పుస్తకములలో జవాబు లేదు. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము వయస్సును, బుద్ధిస్వస్థతను, జీవించియున్న భార్యగాని భర్తగాని లేకుండుటను, నిషిద్ధ బంధుత్వము లేకుండుటను షరతులుగా విధించినది. జన్మనక్షత్రము మాట అందెక్కడను లేదు. అయినను, ఒక కుటుంబము మరియొక కుటుంబముతో వియ్యమందవలెనని ఏ న్యాయస్థానమును నిర్బంధింపజాలదు.

ఈ యేడు ఆయనయే కుమారునకు కన్యను వెదకుచుండెను. ఒక పిల్ల దొరకినది. చదువు, గుణము, కుటుంబము అన్నియు నచ్చినవి. జాతకము తెప్పించి చూడగా మూలా నక్షత్రము. మూలలో పుట్టిన కోడలు మామగారికి కీడని వాడుక. కూతురి విషయమున నది యన్యాయమని యేడ్చినవాడే, తన ప్రాణము మాట వచ్చినప్పుడు ఆ యన్యాయమునే మరియొకరి కూతురికి చేయుటకు సిద్ధపడెను. నేనాయనను దూషింపలేదు. భయము పండితునికైనను పామరునికైనను భయమే. "సావుకారు గారూ, తీర్పు చెప్పుటకు ముందు ముద్దాయిని చూడవలెను గదా! నాలుగు దినములు ఆగుడు" అని మాత్రము అంటిని.

వైశాఖ బహుళమున, చంద్రుడింకను ఉదయింపని యొక రాత్రి, మేమిద్దరము సిద్ధులగుట్ట చెంత నిలిచితిమి. ఆగ్నేయ దిక్కున తేలు ఆకారమున వృశ్చికరాశి పైకి వచ్చియుండెను. తేలు గుండెయందు ఎర్రగా వెలుగుచున్నది జ్యేష్ఠ. క్రింద వంకర తిరిగిన తోకయే మూల. "ఇంతేనా?" అని ఆయన యనెను. కంటికి ఆవగింజయంత కనబడు ఆ వెలుగే ఆయన కూతురి పెండ్లిని చెరిపినది.

2. ఆకాశమును కొలిచిన విధము

కొలత చెప్పుటకు ముందు కొలబద్దను చూపవలెను. లేనిచో నేనును వినికిడి సాక్షినే యగుదును.

రైలులో పోవువానికి దగ్గరి చెట్లు వేగముగా వెనుకకు పరుగెత్తినట్లును, దూరపు గుట్టలు నిలిచియున్నట్లును కనబడును. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నది గనుక మనమందరమును నట్టి ప్రయాణీకులమే. ఆరు నెలల యెడముతో నొక నక్షత్రమును చూచినయెడల, మిక్కిలి దూరముననున్న యితర నక్షత్రముల నడుమ అది యించుక జరిగినట్లు కనబడును. ఆ జరుగుబాటు యొక్క కోణమును కొలిచినచో దూరము లెక్కకు వచ్చును. ఈ పద్ధతిని 1838లో జర్మను పండితుడు బెస్సెల్ మొట్టమొదట సఫలముగా నెరవేర్చి ప్రకటించెను. 1989లో ఆకాశమునకు పంపబడిన హిప్పార్కస్ అను ఉపగ్రహము లక్షకు పైగా నక్షత్రములను ఈ విధముగానే కొలిచినది. జ్యేష్ఠ విషయమున నా కోణమెంత సూక్ష్మమనగా, హైదరాబాదున నిలిపిన పసుపుకొమ్ము మందములో సగమును ఆర్మూరునుండి చూచి కొలిచినంత.

ఈ లెక్కకు సూర్యునికిని భూమికిని నడుమ దూరము మూలము. దానిని సరిగా తెలిసికొనుటకు పూర్వము శుక్రుడు సూర్యబింబము మీదుగా దాటు సమయములను లోకమంతట పండితులు ఎదురుచూచుచుండిరి. 1874 డిసెంబరు 9వ తేదీన అట్టి సంక్రమణమును విశాఖపట్టణమున నుండి చూచి లెక్క గట్టినవాడు తెలుగువాడే. ఆయన అంకితం వెంకట నరసింగరావు గారు. ఆయన మామగారగు గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతమున ఆ పట్టణమున స్వంత ధనముతో వేధశాలను నిర్మించిరి. మన నిజాము రాజ్యముననో, నవాబు జఫర్ జంగు గారు 1901లో హైదరాబాదున దూరదర్శినిని స్థాపించిరి. 1908లో అది ప్రభుత్వము చేతికి వచ్చి, బేగంపేటకు మారి, నిజామియా వేధశాలయై, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడినది. ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగా తీయుటకు అనేక దేశముల వేధశాలలు పంచుకొన్న మహాకార్యములో హైదరాబాదునకు దక్షిణ క్రాంతి 17 అంశములనుండి 23 అంశముల వరకు గల పట్టె వచ్చినది. తరువాత ఉత్తరాకాశములో నొక పట్టెయు చేరినది. పోకాక్, టి. పి. భాస్కరన్ మొదలగువారి యాజమాన్యమున ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానములు కొలిచి ముద్రింపబడినవి. జ్యేష్ఠకు పొరుగుననున్న అనూరాధలోని రెండు తారలు ఆ దక్షిణపు పట్టెలోనివే. కాబట్టి ఈ విద్య పరదేశమునుండి అరువు తెచ్చుకొన్నదని యెవరును చెప్పజాలరు.

3. ఆవగింజయు గుమ్మడికాయయు

ఇక పరిమాణములు. భూమి యొక్క వ్యాసము సుమారు 12,742 కిలోమీటరులు. సూర్యుని వ్యాసము దానికి 109 రెట్లు. సూర్యుని గోళమును డొల్లచేసినచో అందు పదమూడు లక్షల భూగోళములు పట్టును. గురుగ్రహము భూమికి పదునొకండు రెట్లు వెడల్పు గలది. కుజుడు భూమిలో సగము కంటె కొంచెము పెద్దవాడు. ఇట్లు అంకెలు చెప్పిన మాత్రమున మనస్సునకు అందదు గనుక, వంటయింటి వస్తువులతో నొక నమూనా చేయుదము.

భూమిని ఒకటిన్నర మిల్లీమీటరుల ఆవగింజ యనుకొనుడు. అప్పుడు సూర్యుడు పదునారు సెంటీమీటరుల చిన్న గుమ్మడికాయ. ఆ కాయను ఆర్మూరున నొక యింటి అరుగుమీద నుంచినచో, ఆవగింజను సుమారు పదునెనిమిది మీటరుల దూరమున వీథిలో నుంచవలెను. చంద్రుడు ఆవగింజకు మూడు వ్రేళ్ల వెడల్పు దూరముననున్న చిన్న నలుసు. పెండ్లిండ్లు చెరుపునని పేరుపడిన కుజుడు సగము ఆవగింజ. అతడు మనకు మిక్కిలి చేరువకు వచ్చినపుడు ఏడు మీటరుల లోపలను, మిక్కిలి తొలగినపుడు నలుబదియేడు మీటరుల దూరమునను ఉండును. నెప్ట్యూన్ అను కడపటి గ్రహము అర కిలోమీటరు దాటిన చోట తిరుగుచుండును. ఇంతవరకు సూర్యుని సంసారము ఆర్మూరు పొలిమేరలోనే యిమిడినది.

దానిని దాటి మొదటి నక్షత్రమును చేరవలెనన్న, ఈ నమూనాలోనే, ఊరుదాటి, జిల్లాదాటి, దేశముదాటి, సుమారు 4,700 కిలోమీటరులు పోవలెను. ఆ నడుమ నంతయు శూన్యము. సూర్యునికి అత్యంత సమీపమున నున్న పొరుగువాని సంగతి యిది.

4. జ్యేష్ఠ యెంతటిది?

వెలుగు సెకనునకు సుమారు మూడు లక్షల కిలోమీటరులు పోవును. చంద్రునినుండి మనకు చేరుటకు దానికి సెకను కంటె కొంచె మెక్కువ పట్టును. సూర్యునినుండి ఎనిమిది నిమిషములకు పైన పట్టును. అట్టి వెలుగు ఒక సంవత్సరములో పోవు దూరమును కాంతిసంవత్సరమందురు. అది సుమారు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటరులు. జ్యేష్ఠ మనకు సుమారు 550 కాంతిసంవత్సరముల దూరముననున్నది. మూలలోని ప్రకాశవంతములగు తారలలో పెక్కు కూడ వందల కాంతిసంవత్సరముల దూరమునవే.

జ్యేష్ఠ వ్యాసము సూర్యుని వ్యాసమునకు సుమారు ఏడువందల రెట్లు. దానిని తెచ్చి సూర్యుని స్థానమున నుంచినచో బుధుడు, శుక్రుడు, మన భూమి, కుజుడు అందరును దాని కడుపులో నుందురు. మన నమూనాలో అది నూరు మీటరులకు మించిన గోళము. దాని నుంచవలసిన చోటు భూమిమీద లేదు, ఆకాశమున నిజమైన చంద్రుని కూడ దాటి, ఆరు లక్షల కిలోమీటరుల దూరమునకు తీసికొనిపోవలెను. ఇట్టి మహాతారల వెడల్పును మనుష్యుడు నేరుగా కొలువగలడని 1920లో ఋజువైనది. ఆ యేట అమెరికా దేశమున మౌంట్ విల్సన్ వేధశాలయందు మైకెల్సన్, పీజ్ అను పండితులు మన ఆర్ద్రా నక్షత్రమును కొలిచిరి.

ఇంతటి జ్యేష్ఠయు ఆకాశమున నొక చుక్క మాత్రమే. మన పాలవెల్లి యందు పదివేల కోట్లకు తక్కువగాని నక్షత్రములు కలవు. దాని వెడల్పు సుమారు లక్ష కాంతిసంవత్సరములు. అట్టి పాలవెల్లులు మరి వేల కోట్లున్నవి.

5. సాక్ష్య విచారణ

ఇప్పుడు నేరారోపణను విచారింతము.

మొదటిది, సమయము. ఆ కన్య పుట్టిన రాత్రి ఆమె యింటి కప్పుమీద పడిన జ్యేష్ఠ వెలుగు ఆ నక్షత్రమును విడిచినది ఐదువందల యేండ్లకు పూర్వము. అప్పటికి గోలకొండలో కుతుబ్‌షాహీల రాజ్యమే స్థాపితము కాలేదు. ఆ వెలుగు బయలుదేరిన నాటికి ఈ పిల్ల పుట్టుననియు, ఆమెకు బావగారొకడుండుననియు ఎవరు చెప్పిరి? నేరము జరిగిన వేళ ముద్దాయి ఆ చోట లేడని ఋజువైనచో ఏ న్యాయాధిపతియైనను విడుదల చేయును.

రెండవది, సాంగత్యము. జ్యేష్ఠలో పుట్టుట యనగా పుట్టిన వేళ చంద్రుడు ఆ నక్షత్రపు దిక్కున కనబడుటయే. చంద్రునికంటె జ్యేష్ఠ వెయ్యి కోట్ల రెట్లకు మించిన దూరముననున్నది. పొలములో కొంగ యొకటి దూరపు గుట్టకు అడ్డముగా ఎగిరినంత మాత్రమున కొంగ గుట్టమీద వ్రాలెనని యెవరందురు?

మూడవది, బలము. నక్షత్రము ఆకర్షణచేత శిశువును మార్చెనందురేమో. లెక్క చూడుడు. జ్యేష్ఠ బరువు సూర్యునికి సుమారు పన్నెండు రెట్లు మాత్రమే, దూరమో అపారము. పురిటింటి ప్రక్క గదిలో మూడు మీటరుల దూరమున నొక క్వింటాలు పసుపు నిలువయున్నచో, ఆ పసుపు శిశువును జ్యేష్ఠకంటె సుమారు కోటి రెట్లు అధికముగా ఆకర్షించును. పసుపు బస్తాకు లేని దోషము నక్షత్రమునకెట్లు వచ్చినది?

నాలుగవది, లోకానుభవము. చంద్రుడు ఇరువదియేడు నక్షత్రములను ఇంచుమించు ఇరువదియేడు దినములలో చుట్టివచ్చును. కాబట్టి నూరుగురు కన్యలలో ఏడుగురు ఈ రెండు నక్షత్రములలో పుట్టినవారే. మన బంధువర్గములోనే యెందరో తల్లులును అత్తలును అట్టివారు. జీవిత భీమా సంస్థలు మనుష్యుని వయస్సును, వ్యాధులను, అలవాట్లను విచారించును. ఒక్క రూపాయి నష్టమునకైనను ఒప్పుకొనని ఆ సంస్థలు కోడలి నక్షత్రమేదని యెన్నడును అడుగవు.

అయిదవది, పక్షపాతము. ఒకే గడియలో ఒకే తల్లికి కవలలు పుట్టిరనుకొనుడు. ఒకడు మగవాడు, ఒకతె ఆడుబిడ్డ. నక్షత్రమొక్కటే. పెండ్లినాడు నేరము ఆడుబిడ్డపై మాత్రమే మోపబడుచున్నది. దీనిని బట్టి ఈ శాసనమును వ్రాసినది నక్షత్రము కాదనియు, మనుష్యుడే యనియు తేటపడుచున్నది.

6. ఆక్షేపణలకు సమాధానము

"సూర్యచంద్రుల వలన ఋతువులు, సముద్రపు పోటులు కలుగుచున్నవి గదా, నక్షత్రములకు మాత్రము శక్తి యుండరాదా?" అని కొందరందురు. సూర్యుని వేడిమియు, చంద్రుని యాకర్షణయు కొలతకు లొంగునవి, అవి అందరిపైనను సమానముగా వర్తించును. వైశాఖపు టెండ కోడలినొక విధముగను మామనొక విధముగను కాల్చదు.

"మన పూర్వుల జ్యోతిషమును త్రోసివేయుదురా?" అని మరికొందరందురు. పూర్వులు మనకిచ్చిన గణితమును నేను శిరస్సున ధరింతును. సామాన్యశకము 499లో రచితమైన గ్రంథమున ఆర్యభటుడు భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని చెప్పెను, గ్రహణమునకు నీడలు కారణమని వివరించెను. అట్టి ధీరుని సంతతివారమై యుండి, లెక్కను విడిచి భయమును మాత్రము పట్టుకొనుట పూర్వులకు చేయు గౌరవము కాదు.

"దోషమున్నను లేకున్నను, సందేహమున్నప్పుడు విడుచుట క్షేమము గదా!" అనుట మూడవ ఆక్షేపణ. ఇది మిక్కిలి మర్యాదగా కనబడును, మిక్కిలి క్రూరమైనది. క్షేమమెవరికి? నాలుగు సంబంధములు తప్పిపోయిన పిల్ల తనను తానే కీడుగా భావింప మొదలుపెట్టును. ఒకప్పుడు బాలవితంతువును ఎదురుగా వచ్చుటకు తగని దానిగా ఈ నెపముననే తొలగించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులు గారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు, అట్టి క్షేమవాదమునే ఎదిరించిరి.

7. ఈ పరిమాణము మనకు నేర్పునది

ఇంత విశాలమగు సృష్టిలో ఆవగింజయంత భూమిమీద మనుష్యుడెంతవాడని తలచి కొందరు నిరుత్సాహము నొందుదురు. నాకట్లు తోచదు. పాలవెల్లికి తన వెడల్పు తెలియదు. జ్యేష్ఠకు తన దూరము తెలియదు. నలుసుమీద నిలిచిన మనుష్యునికే అవి తెలిసినవి. ఈ జ్ఞానము నిచ్చిన పరబ్రహ్మము, ఆ జ్ఞానమును విడిచి చుక్కలకు వెరవుమని మనలను సృజింపలేదు. ఆవగింజకును మహాతారకును ఒక్కటే ఆకర్షణ నియమము, ఒక్కటే వెలుగు నియమము. అన్నిట ఒక్క నియమమున్నదనుటయే నియామకు డొక్కడే యనుటకు సూచన. అట్టి సర్వేశ్వరుడు ఒక సావుకారు ప్రాణము తీయుటకు ఏడువందల సూర్యుల వెడల్పు గల గోళమును దూతగా నియమించి, దానికొక నిరపరాధియగు కన్యను సాధనముగా చేసెననుట భక్తి యనిపించుకొనదు.

మరియు ఈ విద్య గర్వమును గూడ అణచును. ఆవగింజమీద కులము, ధనము, పదవి అను గీతలు గీచి, నేను పైవాడను, నీవు క్రిందివాడవు అనుకొనుట ఎంత చిన్నది!

మహాశయులారా, మీరు గ్రామములలో మాట చెల్లుబడి గలవారు. మీ యింట సంబంధము నిర్ణయించునప్పుడు పిల్ల ఆరోగ్యమును, చదువును, సమ్మతిని విచారింపుడు. జాతకమును మీరై అడుగకుడు, అవతలివారు అడిగినను ఇచ్చుటకు నిరాకరింపుడు. జగ్గారావు గారివలెను, జఫర్ జంగు గారివలెను వేధశాలను కట్టింపలేకపోయినను, మీ యూరి పాఠశాలకొక చిన్న దూరదర్శినిని దానము చేయుడు. ఒక పెండ్లిపందిరికగు ఖర్చులో అది యెన్నవవంతు?

సిద్ధులగుట్ట చెంతనుండి తిరిగివచ్చునప్పుడు నా కక్షిదారు చాలసేపు మౌనముగా నడిచెను. ఇంటి గుమ్మము వద్ద నిలిచి, "వకీలు సాబ్, భయము పూర్తిగా పోయినదని చెప్పలేను. కాని నా బిడ్డ వంటిదే ఆ బిడ్డయు గదా!" అని యనెను. మరునాడు కన్యవారికి సమ్మతి తెలుపుచు కబురంపెను. భయము పోయిన పిదప మంచిపని చేయుట సులభము. భయముండగనే న్యాయమునకు తల యొగ్గినవానిని నేను ధీరుడందును.

ప్రార్థన: ఓ పరమేశ్వరా, అసంఖ్యాకములగు నక్షత్రములను ఒక్క నియమమున నడపుచున్నవాడవు నీవే. వానిని కొలుచు బుద్ధిని మాకిచ్చితివి. ఆ బుద్ధితో మా భయములను కూడ తూచుకొను ధైర్యము నిమ్ము. ఏ కన్యయు మా యజ్ఞానము వలన కంట తడి పెట్టకుండునట్లు మమ్ము నడిపింపుము.